మా మామ చంపిన దోమలు, నేను పెంచిన దోమలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అంత తెలివి ఒక్క మనిషిలో ఎలా ఇమిడిందో, ఇమిడింది కాస్తా తర్వాత ఎటు పోయిందో, ఇప్పుడు తలచుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసు, డిగ్రీ ఆఖరి సంవత్సరం, అందులోనూ జువాలజీ. మాది ఎమ్మిగనూరు. ఇంట్లో ఒక మగ్గం, దాని చప్పుడు, ఆ చప్పుడుకు తగ్గట్టు గట్టిగా మాట్లాడే అమ్మానాన్నా. (నేను మామూలుగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టు ఉంటుందని జనం అనడానికి కారణం ఆ మగ్గమే తప్ప నా స్వభావం కాదు.) చదువు మాత్రం ఆదోనిలో, మా మేనత్త ఇంట్లో ఉండి. అత్తకూ మామకూ పిల్లలు లేరు. ఆ లోటు తెలియకుండా చూసుకోవడం నా బాధ్యత అని నేను అనుకునేదాన్ని. ఆ లోటే నయమని వాళ్లిద్దరూ ఎప్పుడైనా అనుకున్నారేమో, అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

మామ పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. నెమ్మదైన మనిషి. ఎవరితోనూ మాట తూలి ఎరగడు. ఆయనకు ఈ లోకంలో ఒకే ఒక శత్రువు ఉండేది, దోమ. దానికి కారణముంది. నేను ఆదోనికి రాకముందు ఏడాది ఆయనకు డెంగీ జ్వరం వచ్చి పది రోజులు ఆసుపత్రిలో పడుకున్నాడట. లేచి వచ్చినవాడు మునుపటి మనిషి కాదు. వస్తూనే దోమల బ్యాటు ఒకటి కొన్నాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లుంగీ ఎగ్గట్టి, బ్యాటు చేతబట్టి, ఇల్లంతా తిరుగుతూ ‘టప్పు’మన్నప్పుడల్లా "సచ్చెరా నా కొడుకు!" అనేవాడు. ఒకరోజు నేను ఊరుకోలేక, "కుట్టేది ఆడదోమ మామా, మగది కుట్టదు" అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, మర్నాటి నుంచి "సచ్చెరా నా కూతురు!" అనడం మొదలుపెట్టాడు. శాస్త్రాన్ని గౌరవించే మనిషి. మా వీధిలో కొళాయి నీళ్లు రోజూ రావు కాబట్టి ఇంటింటికీ నీళ్ల డ్రమ్ములే. మామ మా డ్రమ్ములకు గుడ్డ కప్పి తాడు బిగించడంతో ఆగక, వీధిలో అందరి డ్రమ్ములకూ బిగించి వచ్చాడు. వీధి వాట్సాప్ గ్రూపుకు ఆయనే అడ్మిన్. అందులో పుట్టినరోజు శుభాకాంక్షలకు కూడా ఆయన జవాబు ఒకటే: "సంతోషం. డ్రమ్ము మూత వేసినారా?"

అలాంటి ఇంట్లో ఉంటూ నేను దోమలు పెంచాను.

తప్పు నాది ఒక్కదానిదే కాదు, మా జువాలజీ సారుది కూడా. కాలేజీ అంతా ఆయన్ని ‘కంట్రోల్ సారు’ అనేది. ఏ ప్రయోగం చూపించినా ఆయన మొదటి ప్రశ్న "కంట్రోల్ ఏదమ్మా?" అనే. కంట్రోల్ అంటే మందు కలపకుండా పక్కన పెట్టుకునే మామూలు గిన్నె. మందు వేసిన గిన్నెలో ఏం జరిగిందో దాంతో పోల్చి చూసుకోవాలి. క్యాంటీనులో ఎవరో బొరుగుల ఉగ్గాణిలో ఉప్పెక్కువైందంటే, "ఉప్పెయ్యని ప్లేటు ఒకటి తిని సూసినావా?" అని అడిగాడని చెప్పుకునేవాళ్లు. ఆ ఏడాది ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు చేయాలన్నాడాయన. తక్కినవాళ్లు తెలివిగా పట్టుపురుగులు, వానపాములు అంటూ చేతికందినవి ఎంచుకున్నారు. నేను లేచి నిలబడి, "చెట్ల మందులతో దోమలను పురుగు దశలోనే చంపుతాను సార్" అన్నాను. సీతాఫలం గింజల్లోనూ, వావిలాకులోనూ ఆ గుణముందని ఎక్కడో చదివాను. "మంచిదే. మరి దోమ పురుగులు యాడ తెస్తావు?" అన్నాడు సారు. "దోమలకేం తక్కువ సార్ ఆదోనిలో!" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు చాలు నాకు, చేయలేని పని ఒప్పుకోవడానికి.

"మూడు తొట్లు పెట్టు" అన్నాడు సారు. "ఒగదాంట్లో సీతాఫలం, ఒగదాంట్లో వావిలి, ఒగటి ఉత్త నీళ్లు. తొట్లపైన గుడ్డ బిగించి కట్టు. పురుగు ముడుచుకోని గుండు మాదిరి అయితానే తీసెయ్యాల. ల్యాకుంటే దానికి రెక్కలొస్తాయి. అప్పుడు నువ్వు దోమల మందు కనిపెట్టినట్టు కాదు, దోమలను కనిపెట్టినట్టు అయితాది." నేను అంతా రాసుకున్నాను. రాసుకున్నాక మళ్లీ చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

తీరా చూస్తే ఆదోనిలో నిజంగానే దోమల కరువు. కనీసం మా వీధిలో. మామ పుణ్యమా అని ఒక్క డ్రమ్ములోనూ పురుగు లేదు. మిద్దె మీద నీళ్ల తొట్టి పెట్టి, గడ్డి వేసి, వారం రోజులు ఎదురుచూశాను. ఒక్క దోమా గుడ్డు పెట్టలేదు. సరే, ఇంటింటికీ పోయి అడుగుదామని వెనక వీధిలో ఒకావిడను "అక్కా, మీ డ్రమ్ములో దోమ పురుగులు ఉన్నాయా?" అని మర్యాదగానే అడిగాను. ఆమె చేతిలో చీపురు కింద పెట్టకుండానే, "మా ఇంట్లో పురుగులా! ఎవురు సెప్పినారే నీకు? మీ మామ పంపిచ్చినాడా?" అంది. రెండో ఇంటికి నేను పోలేదు. చివరికి కౌతాళం నుంచి వచ్చే మా క్లాసు అమ్మాయి దయ తలచి, వాళ్ల ఊరి కాలువ పక్క మడి గుంటల్లో కావలసినన్ని ఉన్నాయంది. ఒక ఆదివారం పోయి, మోకాళ్ల దాకా బురదలో దిగి, రెండు పెద్ద నీళ్ల బాటిళ్ల నిండా పట్టుకొని బస్సెక్కాను. పక్కసీటులో ఒక ముసలమ్మ. ఎండకు దప్పికైనట్టుంది, నా ఒళ్లో బాటిలు చూసి "వొంచూరు నీరు కొడమ్మా" అని, కాసిని నీళ్లిమ్మని సగం కన్నడంలో అడుగుతూ చెయ్యి చాచింది.

"ఇవి తాగే నీళ్లు కాదవ్వా" అన్నాను.

"మడేం నీళ్లు?"

"పెంచుకునే నీళ్లు."

ఆమె బాటిలును కిటికీ వెలుగులో పెట్టి చూసింది. లోపల వందల కొద్దీ సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ మెలికలు తిరుగుతున్నాయి. ముసలమ్మ నన్ను పాదాల నుంచి తల దాకా చూసి, దండం పెట్టుకొని, లేచి వెనక సీటుకు పోయింది.

మిద్దె మీద మూడు తొట్లు సిద్ధం చేసి, కాస్త ఎదిగాక మందు వేద్దామని పురుగులను వాటిలో వదిలాను. అత్త బట్టలు ఆరేయడానికి వచ్చి "ఏందిమే ఇయ్యి?" అనడిగితే, "చేపపిల్లలు అత్తా, కాలేజీకి" అన్నాను. ఆమెకు కళ్లజోడు లేకపోవడం నాకు కలిసొచ్చింది. మామకు మోకాళ్ల నొప్పి, మిద్దె ఎక్కడు. మిగిలింది పక్కింటి ఖాలా. వాళ్ల మిద్దెకూ మా మిద్దెకూ మధ్య మోకాలెత్తు గోడ. ఖాలా రోజంతా అక్కడే చాప వేసుకొని పాత బట్టలతో బొంతలు కుట్టేది. ఆమె గోడ దాటి వచ్చి, తొట్టిలోకి వంగి, చాలాసేపు చూసింది. "చేపపిల్లలా బేటీ?" అంది. "అవును ఖాలా." "మాషాల్లా! శానా సన్నంగా ఉండాయి. తిండి పెడతాండావా ల్యాదా?" అంటూ లోపలికి పోయి, బిస్కెట్లు పొడి చేసి తెచ్చి చల్లింది. వెళ్తూ వెళ్తూ నావైపు చూసి నవ్వింది. ఎంత అమాయకురాలో అనుకున్నాను. (ఆ వయసులో ఎవరు నవ్వినా అమాయకత్వమే అనుకునేదాన్ని.) ఆనాటి నుంచి రోజూ బిస్కెట్టు పొడి ఖాలాదే. పురుగులు ఒళ్లు చేశాయి. ఒకటే విచిత్రం. రోజూ పొద్దున లెక్క పెడితే ముందు రోజుకన్నా తక్కువ ఉండేవి. మందు వేయకముందే ఎందుకు తగ్గుతున్నాయో అర్థం కాలేదు. అర్థం కాలేదని రాస్తే సారు ఊరుకోడు కాబట్టి రికార్డులో ‘సహజ మరణాలు’ అని రాసుకున్నాను. ఆ మాట రాసినప్పుడు నన్ను చూసి నేనే గర్వపడ్డాను.

సహజంగా మరణించనివి మాత్రం ఎగిరిపోయాయి. తొట్ల మీద కప్పింది మా నాన్న నేసిన పలచటి తువ్వాళ్లు. వాటిని రోజుకు ఇరవై సార్లు తీసి చూసేదాన్ని, పది సార్లు కట్టడం మరిచిపోయేదాన్ని. ఫలితం కింద ఇంట్లో కనిపించింది. మామ బ్యాటు టపటపలు ఎక్కువయ్యాయి. మొదట్లో ఆయనకు హుషారుగా ఉండేది. నాలుగైదు రోజులయ్యాక దిగులు పట్టుకుంది. నేను వసారాలో ఉగ్గాణి, బజ్జీ తింటుంటే ఎదురుగా కూర్చొని, "ఏం పాపా, సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. వీధిలో యాడా నీళ్లు నిలబడల్యా. కాలవలు నేనే తీపిచ్చినా. మడి ఇయ్యి యాడ నుంచి వస్తాండాయి?" అన్నాడు. మిరపకాయ బజ్జీ నా గొంతులో అడ్డం పడింది. "గాలికి కొట్టుకొస్తాయేమో మామా" అన్నాను. "శానా బలంగా ఉండాయే! బ్యాటు తగిలినా ఒగ దెబ్బకు సావటంల్యా" అన్నాడాయన. అది విని నాకు లోపల్లోపల కొంచెం సంతోషం కలిగిన మాట నిజం. పెంచినదాన్ని కదా.

అప్పుడే మూతలక్క వచ్చింది. ఆమె మా వార్డుకు జ్వరాల సర్వే చేసే ఆరోగ్య కార్యకర్త. వారానికొకసారి వచ్చి, గడపలో కాలు పెడుతూనే "మూతలు తీయండి" అంటుంది కాబట్టి ఆ పేరు. ఆ రోజు ఆమె ముఖం మామూలుగా లేదు. పక్క వీధిలో ఇద్దరికి జ్వరాలు, ఒకరు చిన్నపిల్ల. ఏ ఇంట్లో పురుగు కనబడినా ఊరుకోనని ముందే చెప్పింది. మామ ఎదురు వెళ్లి, ఆమెకు మా ఇల్లంతా తిప్పి చూపించాడు. డ్రమ్ములు, కుండలు, కొబ్బరి చిప్పలు, కూలర్ అడుగు. "మా ఇంట్లో ఒగ్గ పురుగు సూపీమ్మా, నేను గ్రూపు ఇడిసిపెట్టి పోతా" అన్నాడు. మామకు అది ప్రాణం పణం పెట్టడంతో సమానం. ఆమె తృప్తిగా చీటీ మీద రాయబోతూ, "మిద్దె మీద ఏముందన్నా?" అంది. "ఏం ల్యా, మా పాప చేపపిల్లలు పెంచుతాంది, అంతే" అన్నాడు మామ. మూతలక్క రాయడం ఆపింది.

ఆ మెట్లు ఎక్కుతున్నప్పుడు నేను చేసిన ప్రార్థనలు ఏ దేవుడూ విన్నట్టు లేదు. మామ కూడా మోకాళ్లు పట్టుకొని, పరువు కోసం, మూడేళ్లలో మొదటిసారి మిద్దె ఎక్కాడు. మూతలక్క తువ్వాలు ఎత్తింది. లోపల ఖాలా బిస్కెట్లు తిని బలిసిన పురుగులు గుంపులు గుంపులుగా కిందికీ పైకీ ఈదుతున్నాయి. తొట్టి అంచు మీద నుంచి అప్పుడే రెక్కలు ఆరిన దోమ ఒకటి మెల్లగా లేచి, గాలిలో ఒక చుట్టు తిరిగి, పోయి పోయి మామ ముక్కు మీద వాలింది.

"అన్నా" అంది మూతలక్క, "వీధికంతా దోమలు మీ మిద్దె మీద నుంచే పోతాండాయి."

మామ ముక్కు మీది దోమను కొట్టలేదు. నావైపు చూశాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పక్క మిద్దె మీద నుంచి ఖాలా "అయ్యి చేపపిల్లలమ్మా! తొట్లు ముట్టుకోవద్దు!" అని అరిచింది గానీ, ఎవరూ వినిపించుకోలేదు. మూతలక్క తొట్టి వంచబోయింది. నేను అడ్డం పడ్డాను. ప్రాజెక్టు, సారు, సీతాఫలం గింజలు, మార్కులు అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి, "మందు నా దగ్గరే ఉందక్కా, ఇవాళే పోస్తాను, ఒక్క రోజు ఆగు" అని బతిమాలాను. ఆమె తొట్టి అంచు వదిలింది. "రేపు సాయంత్రం వస్తా. ఒగ్గ పురుగు బతికున్నా మీ వాకిలికి నోటీసు అతికిస్తా. గ్రూపులో ఫోటో పెడతా. అంతవరకూ గుడ్డ గట్టిగా కట్టు" అంది. నా మార్కుల సంగతి అటుంచి, మామ పరువు ఆ మూడు తొట్లలో పడింది.

ఆమె వెళ్లాక అత్త మొదలుపెట్టింది. అది ఇక్కడ రాయను. మామ మాత్రం వసారాలో కూర్చొని, బ్యాటును అటూ ఇటూ తిప్పుతూ, చివరికి ఒకే మాట అడిగాడు. "ఆ మందు పని సేస్తాదా పాపా?" చేస్తుందన్నాను. "అయితే తే, నేను దంచుతా. నీ చేతులకు బలం ల్యా." ఆ మాటకు నాకు ఏడుపు వచ్చినంత పనైంది. సీతాఫలం గింజలు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. (ఆ సీజనంతా పరిశోధన పేరుతో నేను తిన్న పండ్ల గింజలు అవి. నేనంత కష్టపడింది ఆ ఒక్క విషయంలోనే.) అత్త "నా మిక్సీ ముట్టుకుంటే కాళ్లిరగ్గొడతా" అనడంతో, పెరట్లో వాడకుండా పడున్న పాత రోలు కడిగి మామ దంచడానికి కూర్చున్నాడు. దంచుతూ, "దీనివల్ల మనకేమన్నా అయితాదా?" అనడిగాడు. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "చెట్టు మందే కదా మామా, ఏమీ కాదు" అన్నాను.

పది నిమిషాల తర్వాత ఆయన నుదుటి చెమట తుడుచుకుంటూ అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. ఆ అరుపు నేను జీవితంలో మరిచిపోను. అత్తా నేనూ పట్టుకెళ్లి బిందెల కొద్దీ నీళ్లతో కన్ను కడిగాం. ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. కన్ను రక్తం ముద్దలా వాచింది. డాక్టరు మళ్లీ కడిగి, చుక్కలు వేసి, కట్టు కట్టి, "టయానికి కడిగినారు, కన్ను దక్కింది. ఆ గింజలు ఎంత విషమో తెలుసా?" అని నావైపు చూశాడు. నాకు తెలుసు. నేను చదివిన అదే పేజీ అడుగున రాసి ఉంది, కళ్లకు తగలనివ్వరాదని. పురుగులను చంపుతుందన్న చోట చదవడం ఆపేశాను. ఆటోలో తిరిగి వస్తూ నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే మామ ఒంటికన్నుతో నన్ను చూసి, "ఏడ్వొద్దులే పాపా. కంట్లో రవ్వంత పడితేనే ఇంత పని సేసిందంటే, ఇంగ పురుగులను ఏం సేస్తాదో! పోయి పొయ్యి" అన్నాడు. అత్త ఆ ఏడుపులోనూ నవ్వింది. తర్వాత మా ఇద్దరినీ కలిపి తిట్టింది.

చేతులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని, గింజల పొడి నానబెట్టి, వడగట్టి మొదటి తొట్టిలో పోశాను. వావిలాకు కషాయం రెండోదాంట్లో. మూడోది మామూలు నీళ్లు. సారు చెప్పాడు కాబట్టి దాన్ని తాకలేదు. ఆ తొట్టిలోని పురుగులు మూతలక్క వచ్చేనాటికి హాయిగా బతికే ఉంటాయని, వాటికీ నోటీసు అతికిస్తుందని అప్పుడు నాకు తట్టలేదు. తట్టాల్సినవి ఏవీ ఆ రోజుల్లో సమయానికి తట్టేవి కావు.

మర్నాడు సాయంత్రం మా మిద్దె మీద జాతర. మూతలక్క వచ్చింది. సంగతి తెలిసి కంట్రోల్ సారు సైకిలు మోటారు వేసుకొని వచ్చాడు. వీధిలో సగం మంది ఫోన్లు పట్టుకొని వచ్చారు. మామ కంటికి కట్టుతో, ఉతికిన చొక్కాతో వచ్చి ముందు నిలబడ్డాడు. మొదటి తొట్టి తెరిచాను. పురుగులన్నీ అడుగున, కదలిక లేదు. మూతలక్క పుల్లతో కలిపి చూసింది. ఒక్కటీ లేవలేదు. మామ ఛాతీ పొంగింది. రెండో తొట్టి తెరిచాను. సగం పోయాయి, సగం నీరసంగా ఈదుతున్నాయి. మూతలక్క కనుబొమ్మలు ఎగరేసింది. మామ ఛాతీ సగం తగ్గింది. మూడో తొట్టి ముందు నిలబడ్డాక గానీ నాకు విషయం తట్టలేదు. తువ్వాలు తీశాను. లోపల ఒక్క పురుగు లేదు. బతికినవీ లేవు, చచ్చినవీ లేవు. అద్దంలా నీళ్లు.

వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. సారు మాత్రం కొట్టలేదు. "ఇది ఏ మందమ్మా?" అన్నాడు.

"ఏమీ లేదు సార్. ఉత్త నీళ్లు. కంట్రోల్."

"ఉత్త నీళ్లలో అన్నీ సచ్చి, శవాలు గూడా మాయమైనాయా?"

అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. తెలియదని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు. గొంతు సవరించుకొని, "సార్, సీతాఫలం మందు ఘాటు గాలిలో పక్క తొట్టికి కూడా పాకి, అందులోని పురుగులను పూర్తిగా కరిగించేసి ఉండొచ్చు. ఇది ఇంతవరకూ ఎవరూ గమనించని విషయం సార్" అన్నాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మధ్యలో వావిలి తొట్టి ఉంది గదమ్మా. దాన్ని ఇడిసిపెట్టి ఎగిరి పోయిందా ఘాటు?" అన్నాడు. నేను దానికీ ఒక జవాబు వెతుకుతుండగా, మూడో తొట్టి మూల నుంచి చిటికెన వేలంత చేప ఒకటి, కడుపు బుడ్డగా ఉబ్బి, ఈదలేక ఈదుతూ పైకి వచ్చి, నోరు తెరిచి మా అందరినీ చూసింది.

గోడ అవతల ఖాలా నెమ్మదిగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ అటు తిరిగారు.

"అరే, ఒగటి మర్సిపోయినానా!" అంది ఖాలా.

తర్వాత సంగతంతా బయటికి వచ్చింది. ఖాలా వాకిట్లో సిమెంటు తొట్టి ఉంది, అందులో చేపలున్నాయి. దోమ పురుగంటే వాటికి ప్రాణం. నా ‘చేపపిల్లలు’ ఏమిటో ఆమెకు మొదటిరోజే తెలుసు. రోజూ బిస్కెట్టు పొడి వేసి బలిపించడమూ, టీ వడగట్టే జల్లెడతో దోసెడు తోడుకుపోయి తన చేపలకు వేయడమూ ఆమె పనే. నా రికార్డులో సహజ మరణాలన్నీ అవే. "మడి ఎందుకు చేపను దీంట్లో ఏసినావు ఖాలా?" అని మామ అడిగితే, ఆమె తల దించుకొని, "పొద్దున నమాజుకు లేసి సూస్తి. రెండు తొట్లల్లో మందు వాసన వస్తాంది, మూడోదాంట్లో ల్యా. పాప మర్సిపోయిందేమో, నీ ఇజ్జత్ పోతాదని మా చేపలన్నీ తెచ్చి ఇడిసినా అన్నా. మధ్యాన్నానికంతా తినేసినాయి. తీసుకపోయేటప్పుడు ఇది తొట్టి మూల దాక్కున్యాది" అంది. మామ కట్టు లేని కన్ను ఒకటే తుడుచుకున్నాడు.

రెండో తొట్టిలో సగం బతికే ఉన్నా, ఖాలా మాట విన్నాక మూతలక్క నోటీసు అతికించలేదు. మిగతా రెండు తొట్లూ తన చేత్తోనే వేడి మిద్దె మీద వంచేసి, సీతాఫలం నీళ్లు మాత్రం కాలవలోకి పోకుండా పెరట్లో గుంత తీయించి పోయించింది. వెళ్తూ ఖాలా దగ్గర నాలుగు చేపలు అడిగి తీసుకుంది, ఎవరింట్లోనో పెద్ద సిమెంటు తొట్టి ఉందట. మామ గ్రూపులోనే ఉన్నాడు. సారు నా రికార్డులో ఆ పేజీ అంతా ఎర్ర సిరాతో అడ్డంగా గీసి, ‘సహజ మరణాలు’ అన్న మాట చుట్టూ మాత్రం సున్నా చుట్టి, మొదటి నుంచి మళ్లీ చేయమన్నాడు. ఈసారి కాలేజీ ల్యాబులో, తలుపు వేసి, తాళం ఆయన జేబులో.

మళ్లీ చేశాను. నెలన్నర పట్టింది. తర్వాత వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, "ఈ మందును చేపలుండే చెరువులో పోస్తారా?" అనడిగితే, "పొయ్యను సార్. పురుగును చంపేది చేపను వదలదు. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన మంచిదనడానికి లేదు, మా మామ కన్ను చూశాను" అన్నాను. ఆయన నవ్వి మార్కులు వేశాడు. నేను చదువు మొత్తంలో పుస్తకంలో లేని జవాబు చెప్పింది ఆ ఒక్కసారే.

కానీ నాకు గుర్తుండిపోయింది వైవా కాదు, దానికి ముందు ఒక మధ్యాహ్నం. ల్యాబులో సీతాఫలం గిన్నెలో పురుగులన్నీ చనిపోయి, పక్కనే ఉత్త నీళ్ల గిన్నెలో అన్నీ బతికి కులాసాగా ఈదుతున్నాయి. సారు రెండు గిన్నెలూ మార్చి మార్చి చూసి, మొట్టమొదటిసారి, కంట్రోల్ ఏదని అడగకుండా తల ఊపాడు. నేను బ్యాగు కూడా తీసుకోకుండా ఎండలో కాలేజీ నుంచి ఇంటి దాకా పరుగెత్తాను. వీధి మొదట్లోనే మగ్గం గొంతుతో అరవడం మొదలుపెట్టాను. "అత్తా! పోయినాయి అత్తా! అందరూ పోయినారు, ఒక్కరూ మిగలలేదు!"

వంటింట్లో ఉన్న అత్త చేతిలో గరిటె జారింది. "అయ్యో నా తల్లో! ఎవురే? ఎమ్మిగనూరులో ఎవురే?" అంటూ వాకిట్లోకి వచ్చి కూలబడి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విని ఎదురింటివాళ్లు వచ్చారు, వాళ్లు వచ్చారని పక్కింటివాళ్లు వచ్చారు, ఏ విషయమూ తెలియకుండానే ఒకావిడ అత్తను పట్టుకొని తానూ ఏడ్చింది. "పురుగులు అత్తా, దోమ పురుగులు!" అని నేను చెప్పేసరికి సగం వీధి మా వాకిట్లో ఉంది. అత్త లేచి, కన్నీళ్లు కొంగుతో తుడుచుకొని, అదే గరిటెతో నన్ను వీధి చివరిదాకా తరిమింది.

తరువాత ఎన్నో ప్రయోగాలు చేశాను, చేయిస్తున్నాను. కంట్రోల్ లేకుండా ఒక్క మాట రాయను, పేజీ అడుగుదాకా చదవకుండా ఒక్క గిన్నె ముట్టుకోను. ఫలితం రాగానే ముందు అనుమానిస్తాను. తర్వాత మళ్లీ చేస్తాను. ఆ తర్వాత నెమ్మదిగా టీ తాగుతాను. ఇదే పద్ధతి అని నాకు తెలుసు. కానీ అప్పుడప్పుడు ల్యాబు కిటికీలోంచి ఎండలోకి చూసినప్పుడు, చెప్పుల్లో ఒకటి ఊడిపోయినా వెనక్కి తిరగకుండా, తప్పుడు వ్యాకరణంతో చావు కబురులా శుభవార్త అరుచుకుంటూ పరుగెత్తుతున్న ఆ పిల్ల కనిపిస్తుంది. పద్ధతి తెలిసిన నేను, అన్ని పద్ధతులూ పక్కన పెట్టి, ఆమెను చూసి కొంచెం అసూయపడతాను.